తేలు అని రాసిన రిలే

దెయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. బండ్ల కరెంటు పనిలో నా జుట్టు నెరిసింది. "దాదా, గాడీలో భూతం దూరింది" అంటూ నా దగ్గరకి వచ్చినవాళ్ళు ఎంతమందో. వానలో నిలబెట్టిన టాక్సీ దానంతట అదే హారన్ కొడుతుంది. తాళం తీసేశాక కూడా వైపర్లు ఒకసారి ఊగి ఆగుతాయి. వాళ్ళు ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి చూసి, అవి పనిచేయక నా దగ్గరకి వచ్చేవారు. నేను చూస్తే ఏముంటుంది? ఎక్కడో ఒక తడిసిన వైరు, ఎక్కడో పట్టు తప్పిన ఎర్తు. మూరెడు నల్ల టేపుతో పోయే భూతాలే అన్నీ.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పు ఎక్కడుందో మీరే వెతకండి. నేను వెతికి వెతికి అలిసిపోయాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు. తాత ఖిదిర్‌పూర్ ఓడల డాకులో మూటలు మోయడానికి కలకత్తా వచ్చాడు. నాన్న ఊళ్ళో నాలుగో తరగతి దాకా చదివి, ఆయన వెనకే వచ్చేశాడు. కరెంటు పని నేర్చుకుని వాట్‌గంజ్‌లో ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. పేరు అప్పలస్వామి. బెంగాలీలందరికీ అప్పల్‌దా, అంటే అప్పలన్న. షెడ్డు వెనక ఒకటే గది, అందులోనే అమ్మా నాన్నా నేనూ ఉండేవాళ్ళం.

నేను బెంగాలీ బడిలో చదివాను. కాలేజీ సగంలో వదిలేసి, ఇరవై రెండేళ్ళ వయసులో నాన్న షెడ్డులోనే పనికి చేరాను. ఇంగ్లీషులో ఉండే వైరింగు బొమ్మలు చదవడం నాకు వచ్చు, ఆయనకి రాదు. దాంతో నాకు కాస్త పొగరు. తెలుగు ఇంట్లో మాట్లాడడమే తప్ప, చదవాలంటే అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే.

నాన్న పని నేర్పే తీరే వేరు.

"ఫ్యూజంటే ఏటనుకున్నావురా? నీతి ఉన్నోడు. తప్పు జరిగితే తను సచ్చిపోతాడు గానీ ఇల్లు కాలనివ్వడు. ఆడు సచ్చిపోతే లావు తీగ చుట్టీసి పనైపోయిందనుకోకు. ఆణ్ణి సంపిందెవడో ఎతుకు" అనేవాడు.

రిలే గురించి చెప్పినప్పుడు వేలు ఎత్తి మరీ చెప్పేవాడు. "ఇది సిన్న మాట ఇని పెద్ద పని సేస్తాది." నిజమే. రిలే అంటే అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల డబ్బా. లోపల సన్నని తీగ చుట్టి ఉంటుంది, దాన్నే కాయిల్ అంటాం. తాళం తిప్పితే కొంచెం కరెంటు ఆ తీగలోకి వెళుతుంది, అది అయస్కాంతమై చిన్న రేకును లాగుతుంది. ఆ రేకు తగిలే చప్పుడే 'టిక్'. రేకు తగిలాక అసలు కరెంటు పంపుకో, లైట్లకో పోతుంది. తీగ తెగిపోతే లాగేదీ లేదు, టిక్కూ లేదు.

"మరి నేనెవర్ని?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు ఫ్యూజువి. ఊరికే కాలిపోతావు. సెప్పింది ఇంటేగదా రిలేవి అవుతావు" అన్నాడు నాన్న.

గదిలోంచి అమ్మ, "మరి నానో?" అంది.

"నువ్వు హారన్‌వి" అన్నాడు. ఆ పూట ఆయనకి ఎవరూ అన్నం వడ్డించలేదు. ఆయనే వడ్డించుకుని, నవ్వుకుంటూ తిన్నాడు.

ఇక ఆ బండి సంగతి. ఓడల ఏజెంటు ఒకాయన ఎప్పుడో పై దేశం నుంచి దింపించుకున్న పెద్ద బండి అది. మా సందులోకి వస్తే రిక్షా కూడా పక్కనించి పోయేది కాదు. ఎనిమిది మంది కూర్చోవచ్చు. అప్పటికే ముసలిదైపోయింది. దాని డ్రైవరు నిమాయ్‌దా, నాన్న ఈడువాడు, నది అవతల షాలిమార్ వైపు ఉండేవాడు.

బానెట్ కింద దానికి ఫ్యూజులు, రిలేలు ఉండే పెద్ద పెట్టె ఉండేది. ఏది దేనిదో రాసి ఉండే మూత ఎప్పుడో పోయింది. నేనింకా కాలేజీలో ఉన్న రోజుల్లో నాన్న, నిమాయ్‌దా కలిసి దాని రహస్యం కనిపెట్టారట. నిమాయ్‌దా సీట్లో కూర్చుంటాడు, నాన్న ఒక్కొక్కటే పీకుతాడు. ఏది ఆగిపోయిందో నిమాయ్‌దా అరిచి చెబుతాడు. నాన్న గాయాలకి అంటించే తెల్ల ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి, వాటి మీద తెలుగులో రాసి అంటించాడు.

నేను పనిలో చేరాక వాటిని చూసి నవ్వాను. హెడ్‌లైట్లకి 'ఎడం కన్ను', 'కుడి కన్ను'. హారన్‌కి 'కూత'. వైపర్లకి 'తుడుపు'. వరసలో చివర ఒక రిలే మీద 'తేలు' అని ఉంది. నాన్నకి తేళ్ళంటే హడల్. నా చిన్నప్పుడు షెడ్డు మూల ఇటుకల్లో తేలు కుట్టి రెండు రోజులు మూలుగుతూ పడుకున్నాడు. అప్పట్నించీ ఎవరు చీకటి సందులో చెయ్యి పెట్టబోయినా "తేలుంటాది, సూసుకో" అనేవాడు. దాని జోలికి పోతే కాలుతుందనో, షాక్ కొడుతుందనో హెచ్చరికగా అలా రాశాడనుకున్నాను. అడగలేదు. అడిగితే ఆయన దగ్గర నేర్చుకున్నట్టు అవుతుందని నా పొగరు.

అవి ఎర్రజెండాల రోజులు. నాన్న పోయిన రోజు బంద్. కలకత్తాలో బంద్ అంటే మామూలుగా ఉండేది కాదు. బస్సు లేదు, ట్రాము లేదు, టాక్సీ లేదు, పెద్ద రోడ్డు మీద కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకుంటారు. ముందు రోజు సాయంత్రం నిమాయ్‌దా బండి మా షెడ్డులో వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని చెప్పి వెళ్ళాడు. నాన్న సాయంత్రం కాసేపు పెట్టె తెరిచి చూసి, "దొరికింది, షాపులు తెరిస్తే కొత్తది ఏసీడమే" అని చేతులు తుడుచుకున్నాడు. ఏది దొరికిందో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్న పది దాటాక నాన్న బల్ల దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక పక్కకి ఒరిగాడు. ఒళ్ళంతా చెమట. గుండె మీద చెయ్యి. ఫోన్ బూత్ మూసి ఉంది. బయట వాన సన్నగా పడుతోంది. షెడ్డులో ఉన్నది ఆ బండి ఒక్కటే. నేనూ అమ్మా కలిసి ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. తాళం తిప్పగానే బండి కదిలింది. బతికిపోయాం అనుకున్నాను.

ఖిదిర్‌పూర్ వంతెన మీద ఆగిపోయింది.

తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. తాళం సగం తిప్పితే వెనక ట్యాంకులో పెట్రోలు పంపు రెండు సెకన్లు 'గుయ్' మనాలి. ఆ శబ్దం లేదు. జబ్బు నాకు తెలిసిపోయింది. పంపుకి కరెంటు అందడం లేదు. ఫ్యూజులు చూశాను, అన్నీ బాగున్నాయి. అయితే పోయింది రిలే. హారన్ రిలే పీకి పంపు రిలే చోట పెడితే చాలు, రెండూ ఒకే రకం. ఒక్క నిమిషం పని.

పంపు రిలే ఏది? నాన్న రాతలు వానలో తడుస్తూ చదివాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. పంపు లేదు. పెట్రోలు లేదు. కళ్ళున్నాయి, కూత ఉంది, తుడుపు ఉంది.

వెనకనించి నాన్న గొంతు వినిపించింది. చాలా సన్నగా. "తేలు సూడు... తేలు సూడ్రా..."

అమ్మ ఓలమ్మో అని కాళ్ళు పైకి తీసుకుని, వంగి సీటు కింద వెతికింది. నేను పరుగెత్తి తలుపు తీశాను. పోయే ముందు మనుషులకి ఏవేవో కనిపిస్తాయని విని ఉన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, "తేలు లేదు నాన్నా. ఏటీ లేదు. నువ్వు కళ్ళు మూసుకో" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. తర్వాత నేను చెప్పినట్టే కళ్ళు మూసుకున్నాడు.

నేను మళ్ళీ బానెట్ దగ్గరికి పోయాను. కూత రిలే పీకి, దొరికిన ప్రతి చోటా పెట్టి చూశాను. అమ్మ ముందు సీట్లోకి వచ్చి తాళం తిప్పుతోంది. ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో మీకు తెలుసు. చివరికి ఒక వ్యాన్‌రిక్షా అబ్బాయి జాలిపడి ఆగాడు. దాని చెక్కబల్ల మీద నాన్నని పడుకోబెట్టి, నేను వెనకనించి తోస్తూ పరుగెత్తాను. ఆసుపత్రిలో డాక్టరు చూసి, కాస్త ముందు తెచ్చి ఉంటే, అని ఆగిపోయాడు. మిగతాది చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు బండిని షెడ్డుకి లాక్కొచ్చారు. నిమాయ్‌దా వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, బ్యాటరీ విప్పి ఛార్జింగుకి తీసుకుపోయాడు. ఇది గుర్తుంచుకోండి. బండిలో బ్యాటరీ లేదు. రెండు వైర్ల కొసలూ గాల్లో ఉన్నాయి. నేనే వాటికి టేపు చుట్టాను.

నాలుగో రోజున మొదట విన్నది అమ్మ. గదిలో చాప మీద కూర్చుని ఉన్నదల్లా తల ఎత్తి, "మీ నాన్న రిలేలు కొడతన్నాడురా" అంది. పని చేసేటప్పుడు నాన్న స్క్రూడ్రైవరు పిడితో రిలేల మీద తట్టి వినేవాడు. అమ్మ మనసు అలా ఉందిలే అనుకుని ఊరుకున్నాను. మరుసటి రోజు నేనూ విన్నాను.

టిక్. కాసేపాగి, టిక్.

పదిన్నర, పదకొండు మధ్య. పట్టపగలు. పక్క సందులో చేపలమ్మేవాడు కేకలు వేస్తున్నాడు. రేకులు ఎండకి సాగుతున్నాయేమో అనుకుంటే ఆ రోజు మబ్బు. బల్లి అనుకున్నాను. బానెట్ ఎత్తి, టార్చి వేసి మూలమూలా చూశాను, బల్లీ లేదు, ఎలకా లేదు. బ్యాటరీ తీసేసిన చోట ఖాళీగా ఉంది. వైర్లకి నా టేపు అలాగే ఉంది.

నాలుగు రోజులు ఇదే. సరిగ్గా ఆ వేళకి మొదలై, పావుగంట ఉండి, ఆగిపోయేది. నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. నా తండ్రి చావు మీద ఎవరో ఎకసెక్కాలు ఆడుతున్నట్టు అనిపించింది. బండిలో వేరే బ్యాటరీ ఏదైనా దాచారేమో అని సీట్లు కూడా పీకి చూశాను.

చివరికి నాన్న నేర్పిన పని చేశాను. "సెవితో కాదు, ఏలితో ఇను" అనేవాడు ఆయన. చప్పుడు మొదలవగానే ఒక్కొక్క రిలే మీద వేలు పెట్టుకుంటూ పోయాను. ఎడం కన్ను కదల్లేదు. కుడి కన్ను కదల్లేదు. కూత లేదు, తుడుపు లేదు. చివరిదాని మీద వేలు పెట్టడానికి అప్పుడు కూడా జంకాను. పెట్టాను. టిక్ మని లోపల రేకు ఎగిరింది. నా వేలి కింద. బంపరు మీద కూర్చుండిపోయాను.

పదో రోజు కర్మ అయ్యాక, పదకొండో రోజు పొద్దున్న నిమాయ్‌దా బ్యాటరీ మోసుకొచ్చాడు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. నా మతి పోయిందంటాడని భయం. బ్యాటరీ ఇంకా ఆయన భుజం మీదే ఉంది, టిక్ మంది. ఆయన బ్యాటరీ దించి, బానెట్‌లోకి తొంగి చూశాడు. మళ్ళీ టిక్. ఖాళీ చోటు చూశాడు, నన్ను చూశాడు.

"ఏది ఇది కొట్టుకునేది?" అన్నాడు. చూపించాను.

"అప్పల్‌దా దీని మీద ఏం రాశాడు?"

"తేలు."

"ఆ. తేల్" అన్నాడు నిమాయ్‌దా, అందులో వింతేమీ లేనట్టు. "నేనే చెప్పాను కదా. ఇది పీకితే ఇంజను ఆగిపోయింది. ఏమైంది అని అడిగాడు, తేల్ బంద్ అన్నాను. అదే రాసుకున్నాడు."

తేల్. బెంగాలీలో నూనె. డ్రైవర్లందరికీ పెట్రోలు. నేను పుట్టినప్పట్నించీ రోజుకి వందసార్లు వినే మాట, అనే మాట. నాన్న నోట్లో ఏ మాటకైనా చివర మన 'ఉ' వచ్చి చేరుతుంది. ఆయన తెలుగు అక్షరాల్లో బెంగాలీ మాట రాసుకున్నాడు. నేను దాన్ని తెలుగులో చదివాను. జీవితంలో ఆ ఒక్క మాటనే తడబడకుండా చదివాను.

నిమాయ్‌దాకి నేనెందుకు నేల మీద కూలబడి ఏడుస్తున్నానో అర్థం కాలేదు. నా తల నిమురుతూ, "ఓఠ్ బాబా, ఓఠ్" అని లేపాడు. బ్యాటరీ బిగించాడు. నేను కూత రిలే పీకి తేలు చోట పెట్టాను. తాళం తిప్పాడు. వెనక ట్యాంకులో 'గుయ్' మంది. మొదటిసారికే ఇంజను అంటుకుంది.

పీకిన రిలేని బల్ల మీద పెట్టి, నిమాయ్‌దా ఎదురుగా డబ్బా ఊడదీశాను. లోపల కాయిల్ కమిలి, తీగ తెగి, కొస పైకి లేచి ఉంది. మీటరు పెట్టాం. ముల్లు కదల్లేదు. బ్యాటరీనించి నేరుగా కరెంటు ఇచ్చాం, అప్పుడూ టిక్ మనలేదు. అనదు. ఆ తీగ తెగాక దేవుడొచ్చి కరెంటు ఇచ్చినా అనకూడదు. మరి అన్ని రోజులు బ్యాటరీ లేని బండిలో నా వేలి కింద ఎగిరిందేమిటో చెప్పండి. నాతోపాటు విన్న అమ్మ ఉంది, నిమాయ్‌దా ఉన్నాడు. పని తెలిసినవాళ్ళని చాలామందిని అడిగాను. నా మొహం చూసి, అవునా, అని ఊరుకున్నారు.

ఆ తర్వాత అది మళ్ళీ ఎప్పుడూ మోగలేదు.

తెలుగు చదవడం, రాయడం నేను ఆ తర్వాతే పట్టుదలగా నేర్చుకున్నాను. రిలేని దాని ప్లాస్టర్ ముక్కతో సహా బల్ల సొరుగులో దాచాను. చాలా ఏళ్ళు నాన్న మీద ఒక కోపం ఉండిపోయింది. దీన్ని మోగించగలిగినవాడివి ఆ రోజే ఎందుకు మోగించలేదు, వంతెన మీద ఒక్కసారి టిక్ మనిపిస్తే నా చెయ్యి దాని మీద పడేది కదా, అని. సంవత్సరీకాలు పెట్టిన ప్రతిసారీ ఇదే గొణుక్కునేవాణ్ణి. తేలు అంటే ఏమిటో అమ్మకి మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

అమ్మ మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం చెప్పేశాను. ఆమె పైకప్పు రేకుల వంక చూస్తూ అంతా వింది. చివర నా కోపం కూడా చెప్పాను. అన్ని రోజులు పోయాక వచ్చి చెబితే ఏం లాభమని, ఆ రోజే చెప్పొచ్చు కదా అని.

"ఆ రోజే సెప్పినాడు గదరా" అంది అమ్మ. "నోటితోటే సెప్పినాడు. మనవే సీటు కింద ఎతికినాం."